సగం ఆన్‌లైన్, సగం కాగితం: విశ్వవిద్యాలయాల్లో ఇంటర్నెట్ వల్ల నిజంగా ఏ పని తేలికైంది?

నల్లకుంట లెక్చరర్

మా కళాశాలలో ఇంటర్నల్ మార్కులు పంపే పద్ధతి చెబుతాను. ముందుగా విశ్వవిద్యాలయం పోర్టల్‌లో హాల్ టికెట్ నంబరు వారీగా మార్కులు ఎక్కించాలి. సబ్మిట్ నొక్కగానే వచ్చే పీడీఎఫ్‌ను ప్రింటు తీసి ప్రతి పేజీ మీద నేను, విభాగాధిపతి, ప్రిన్సిపాల్ సంతకాలు చేయాలి. ఆ ప్రతులను కవరులో పెట్టి, లక్కముద్ర వేసి, అటెండరుకు ఇచ్చి పరీక్షల విభాగానికి పంపాలి. అక్కడ ఒకరు తెర మీది అంకె చదువుతుంటే మరొకరు కాగితం మీది అంకెకు టిక్కు పెడతారు. హాజరు సంగతి కూడా అంతే: యాప్‌లో వేలిముద్ర వేయాలి, రిజిస్టర్‌లో సంతకమూ పెట్టాలి.

ఇంటర్నెట్ రాకముందు ఇది ఒక పని, వచ్చాక రెండు పనులైంది. సమావేశాల్లో మాత్రం మాది ‘పూర్తి డిజిటల్ క్యాంపస్’ అని చెప్పుకుంటున్నాం. బోధనలో గానీ, పరిపాలనలో గానీ ఇంటర్నెట్ వల్ల శ్రమ నిజంగా తగ్గిన పని ఏదైనా మీ అనుభవంలో ఉందా? ఉంటే అది ఎందువల్ల తగ్గిందో కూడా చెప్పండి. ఉపన్యాసాలు వద్దు, అవి మా సెమినార్ హాల్లో కావలసినన్ని దొరుకుతాయి.

బ్యాక్‌లాగ్ బాబు

మేడమ్, మీకు రెండు పనులే, మాకు మూడు. రీవాల్యుయేషన్ ఫీజు ఆన్‌లైన్‌లో కట్టి, రసీదు ప్రింటు తీసి కాలేజీలో ఇస్తే, వాళ్లు వేసిన ముద్రను ఫొటో తీసి మళ్లీ పోర్టల్‌లో ఎక్కించమన్నారు. ఇందులో లాభపడినవాడు కాలేజీ గేటు ఎదుట ఉన్న జిరాక్స్ షాపు అన్న ఒక్కడే.

మాజీ సూపరింటెండెంట్

పరీక్షల విభాగంలో చేసి రిటైరైనవాణ్ని కాబట్టి అవతలి పక్షం వాదన కూడా వినిపించాలి. అక్కడ కాగితం అడగడం ఒట్టి అలవాటు కాదు. రేపు ఒక విద్యార్థి మార్కుల మీద కోర్టుకు వెళ్లినా, సమాచార హక్కు కింద దరఖాస్తు వచ్చినా, ఆడిట్ వాళ్లు వచ్చి కూర్చున్నా, ఈ అంకె ఎవరు వేశారన్న ప్రశ్నకు జవాబు చెప్పుకోవలసింది సెక్షన్‌లోని గుమస్తానే. సంతకం ఉన్న కాగితం చేతిలో ఉంటే అతనికి ధైర్యం. చట్టం మాత్రం ఈ విషయంలో ఎప్పుడో ముందుకు వెళ్లింది. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 4వ సెక్షన్ ఎలక్ట్రానిక్ రికార్డుకు కాగితంతో సమానమైన గుర్తింపు ఇచ్చింది, 5వ సెక్షన్ ఎలక్ట్రానిక్ సంతకానికి గుర్తింపు ఇచ్చింది. మారనివి విశ్వవిద్యాలయాల సొంత నిబంధనలే. పోర్టల్ కొనడానికి టెండరు చాలు. నిబంధన మార్చాలంటే పాలకమండలి ముందు ఫైలు పెట్టాలి, పెట్టినవాడే దానికి బాధ్యుడవుతాడు కాబట్టి ఎవరూ పెట్టరు.

ఇక మేడమ్ అడిగిన ప్రశ్నకు నా జవాబు సర్టిఫికెట్ల నిర్ధారణ. మా రోజుల్లో ఏదో ఒక కంపెనీ నుంచో, ప్రభుత్వ శాఖ నుంచో ఉత్తరం వచ్చేది: ఫలానా వ్యక్తి డిగ్రీ అసలుదా, నకిలీదా చెప్పమని, ఫీజు కింద ఒక డీడీ జతపరచి. డీడీ ఒక సెక్షన్‌కు, ఉత్తరం మరో సెక్షన్‌కు వెళ్లేవి. అవి రెండూ మళ్లీ ఒకచోట చేరిన తరువాత, సంవత్సరమూ నెలా చూసుకుని మేం టీఆర్ అని పిలుచుకునే టాబ్యులేషన్ రిజిస్టర్ కోసం స్టూలు ఎక్కి ర్యాకులో వెతకాలి. రెండు చేతులతో దించవలసినంత బరువు ఉండేవి. పాత వాటిలో పేజీలు ఒకదానికొకటి అంటుకుని, బలంగా లాగితే అంకెలతో సహా ఊడి వచ్చేవి. నంబరు కింద స్కేలు ఆనించి అడ్డంగా చదువుకుంటూ పోయి, మొత్తం కూడి, పేరు సరిపోల్చి, చిత్తు జవాబు రాసి, పై అధికారి సంతకానికి పెట్టాలి. ఈలోగా ఉద్యోగం రావలసిన కుర్రవాడు మా వరండాలోనే తిరుగుతూ ఉండేవాడు.

2015లో పత్రాలను నెట్‌లో దాచుకునే డిజిలాకర్, 2017లో డిగ్రీలను, మెమోలను నెట్‌లో భద్రపరిచే జాతీయ అకడమిక్ డిపాజిటరీ వచ్చాయి. 2017 ఫిబ్రవరిలో నిబంధనలు సవరించి, జారీ చేసిన సంస్థే నేరుగా డిజిలాకర్‌లో ఉంచిన పత్రం అసలు పత్రంతో సమానమన్నారు. ఆ తరువాతి బ్యాచ్‌ల విషయంలో, ఏ విశ్వవిద్యాలయం తన మార్కుల మెమోలను అందులో చేర్చిందో అక్కడ ఈ తతంగం దాదాపుగా ఆగిపోయింది. ఇక్కడ ఒక్క తేడా గమనించండి. పాత పని పక్కన కొత్త పని పెట్టలేదు, పాత పని అవసరమే లేకుండా చేశారు.

డల్లాస్ తమ్ముడు

సూపరింటెండెంట్ గారు చెప్పిన వరండాలో నా తరఫున తిరిగింది మా నాన్నగారు. అమెరికాలో పై చదువుకు దరఖాస్తు చేసినప్పుడు ట్రాన్స్‌క్రిప్టులు, అంటే మార్కుల అధికారిక ప్రతులు, విశ్వవిద్యాలయం వారే కవరులో పెట్టి, అంటించి, అంటించిన చోట ముద్ర వేసి ఇవ్వాలన్నది షరతు. ఎన్ని చోట్ల దరఖాస్తు పెడితే అన్ని కవర్లు. సగం కవర్ల మీద ముద్ర అతుకు మీద కాకుండా పక్కన పడిందని ఆయన మళ్లీ వెనక్కి వెళ్లవలసి వచ్చింది. మా తమ్ముడి వంతు వచ్చేసరికి ఇంట్లోనే కూర్చుని ఫీజు కట్టాడు, విశ్వవిద్యాలయం నేరుగా విదేశీ డిగ్రీలను పరిశీలించే మూల్యాంకన సంస్థకు ఎలక్ట్రానిక్ ప్రతి పంపింది. ఇంట్లో ఒక్కరూ సెలవు పెట్టలేదు. మీ కాలేజీలో సగం కాగితం ఎందుకు మిగిలిందో నాకు తెలియదు గానీ, మా ఇంటి వరకు ఇంటర్నెట్ చేసిన మేలును కాదనలేను.

కేబుల్ బాబాయి

ఒక విశ్వవిద్యాలయంలో నెట్‌వర్క్ చూసుకునేవాణ్ని. అందరూ తిట్టేది మమ్మల్నే కాబట్టి ఒకటి చెప్పాలి. పూర్వం ఆఫీసుకు వెళితే ‘సార్ సీట్లో లేరు’ అనేవారు, ఇప్పుడు ‘సర్వర్ డౌన్’ అంటున్నారు. అప్పుడూ సార్ క్యాంటీన్‌లోనే ఉండేవారు, ఇప్పుడూ అక్కడే ఉన్నారు.

ఫలితాల రోజున మాత్రం సర్వర్ నిజంగానే పడిపోతుంది. కారణం చాలామంది అనుకునేట్టు ఇంటర్నెట్ వేగం కాదు. 2010లో విద్యాసంస్థలను కలిపే జాతీయ నాలెడ్జ్ నెట్‌వర్క్ వచ్చాక పెద్ద విశ్వవిద్యాలయాల గుమ్మం దాకా గిగాబిట్ వేగంతో లైను ఉంది. ఫలితాల పేజీ తయారుచేసే పద్ధతిలోనే లోపం ఉంది. ప్రతి విద్యార్థీ నంబరు కొట్టిన ప్రతిసారీ ప్రోగ్రాం వెళ్లి డేటాబేస్‌లో వెతికి, మార్కులు కూడి, పేజీ అప్పటికప్పుడు తయారుచేస్తుంది. వేలమంది ఒకే నిమిషంలో కొడతారు, రాకపోతే అసహనంతో రిఫ్రెష్ నొక్కుతూనే ఉంటారు, ఒక్కొక్కరి కోసం ఇంట్లో నలుగురు నాలుగు ఫోన్లలో కొడతారు. ఫలితం ఒకసారి ప్రకటించాక మారదు కదా, ముందు రోజు రాత్రే అందరి పేజీలూ తయారుచేసి పెట్టుకుంటే ఆ మామూలు సర్వరే తట్టుకుంటుంది. ఈ మాట రాసి ఇచ్చాను. ఇంకా పెద్ద సర్వర్ కొనమని జవాబు వచ్చింది.

అచ్చంపేట అమ్మాయి

ఇక్కడ అందరూ డిగ్రీ చేతికి వచ్చాక జరిగిన మేలు గురించే మాట్లాడుతున్నారు. నేను డిగ్రీలో చేరడం గురించి చెబుతాను. మా అక్క చదివే రోజుల్లో హైదరాబాద్ కాలేజీలో సీటు కావాలంటే ఒక్కో కాలేజీకి వెళ్లి దరఖాస్తు కొనాలి, నింపి ఇవ్వాలి, జాబితా ఎప్పుడు పెడతారో కనుక్కుని మళ్లీ రావాలి. కోఠిలో ఒకటి, నారాయణగూడలో ఒకటి, బేగంపేటలో ఒకటి. అచ్చంపేట నుంచి పొద్దున బస్సెక్కితే ఆఫీసు కౌంటరు మూసే వేళకు చేరేవాళ్లు. ఆడపిల్లతో తోడు ఒకరు రావాలి, వచ్చినవారికి ఆ రోజు కూలి పోయినట్టే. అక్క చివరికి అన్నిటికంటే దగ్గరలో ఉన్న కాలేజీలోనే చేరింది, మార్కులు తక్కువై కాదు.

2016లో తెలంగాణలో డిగ్రీ సీట్లను ఆన్‌లైన్‌లో కేటాయించే దోస్త్ మొదలైంది. ఒకే దరఖాస్తు, ఒకే రిజిస్ట్రేషన్ రుసుము. ఉస్మానియా, కాకతీయ, పాలమూరు, మహాత్మాగాంధీ, శాతవాహన, తెలంగాణ విశ్వవిద్యాలయాల పరిధిలోని కాలేజీలు చాలావరకు ఒకే జాబితాలో వరుసగా ఉంటాయి. నేను మీసేవ కేంద్రంలో కూర్చుని వెబ్ ఆప్షన్లు పెట్టుకున్నాను, మెరిట్, రిజర్వేషన్ ప్రకారం సీటు వచ్చింది. ఫోన్ నంబరు ఆధార్‌తో కలపలేదని మొదట ఇబ్బంది పడ్డ మాట వాస్తవమే. కానీ సీటు కోసం ఎవరినీ బతిమాలలేదు, ఎవరి సిఫారసు ఉత్తరమూ తీసుకెళ్లలేదు.

పీరియడ్‌కింత

చెల్లెలి మాట కాదనను. దోస్త్ మొదలయ్యాక కొన్ని ప్రైవేటు కాలేజీల్లో ఒక్కరూ చేరకపోవడం కూడా బయటపడింది. అంతవరకు ఇంటింటికీ తిరిగి, మొదటి ఏడాది ఫీజు వద్దని చెప్పి, సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేసేవారు. ఆ బీరువాలు ఖాళీ అయ్యాయి. నేను పనిచేసిన కాలేజీ కూడా వాటిలో ఒకటి, నాకు రావలసిన జీతం ఆ బీరువాలోనే ఉండిపోయింది. విద్యార్థికి జరిగిన మంచిని నా బాకీతో ముడిపెట్టను లెండి.

గణితం మాస్టారు

పరిపాలన గురించి ఇంతసేపు సాగింది, బోధన సంగతి ఎవరూ ఎత్తలేదు. 2020 మార్చి తరువాత మేమంతా తెర ముందు పాఠాలు చెప్పాం. ఆ అనుభవాన్నే ఇంటర్నెట్ బోధన అనుకుంటే నేను దానికి వ్యతిరేకిని. గణితం చెప్పేవాడికి పిల్లల ముఖాలు కనపడాలి. అవధి నిర్వచనంలో ఎప్సిలాన్, డెల్టా వరుస మార్చి చెప్పినప్పుడు మూడో వరుసలో ఒకడి కనుబొమ్మ కదులుతుంది, అది చూసే నేను వెనక్కి వెళతాను. తెర మీద కనబడేవి నల్లటి గళ్లు, వాటి మధ్యలో ఎవరి ఇంట్లోనో కుక్కర్ కూత. అదీ కాక ఇంటికి ఒక్క ఫోన్ ఉన్నచోట తమ్ముడి క్లాసు, అక్క క్లాసు ఒకే సమయానికి వస్తే ఫోన్ ఎవరి చేతికి వెళ్లిందో మనందరికీ తెలుసు.

ఐతే తెర మీది పాఠం వేరు, నెట్‌లో ఉన్న పాఠం వేరు. 2003 నుంచి ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి నడుపుతున్న ఎన్‌పీటెల్‌లో సరళ బీజగణితం మీద, వాస్తవ విశ్లేషణ మీద ఉన్న పాఠాలు మా గ్రంథాలయంలోని చాలా పుస్తకాలకంటే మేలు. నేను వాటిని తరగతిలో ప్రదర్శించను. సోమవారం చెప్పబోయే సిద్ధాంతానికి సంబంధించిన ముక్క మాత్రం, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా చూడాలో నిమిషాలతో సహా రాసి, ముందే పంపుతాను. నిరూపణ ఒకసారి వింటే అర్థం కాని పిల్లవాడు నన్ను ఐదుసార్లు అడగడు, సిగ్గుపడతాడు. వీడియోను మాత్రం మొహమాటం లేకుండా వెనక్కి తిప్పుకుంటాడు. దాంతో తరగతి సమయమంతా లెక్కలు చేయించడానికి మిగిలింది. బోర్డు మీద నిరూపణ రాసి, వాళ్లు ఎక్కించుకునేదాకా ఆగే పద్ధతికి స్వస్తి చెప్పాను.

ఇంకో సంగతి. 2021 నుంచి యూజీసీ నిబంధనల ప్రకారం ఒక డిగ్రీలో సెమిస్టర్‌కు ఉండే కోర్సుల్లో 40 శాతం దాకా ‘స్వయం’ అనే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక మీద చదివి క్రెడిట్లు సంపాదించుకోవచ్చు. అంతకుముందు అది 20 శాతం. మా విశ్వవిద్యాలయంలో లేని ఐచ్ఛికం చదవాలనుకునే పిల్లవాడికి ఇది గొప్ప అవకాశం. మన కాలేజీలు దీన్ని పట్టించుకోవడం లేదంటే అది బద్ధకమే.

పీరియడ్‌కింత

మాస్టారూ, అది బద్ధకం కాదు. మీది రెగ్యులర్ ఉద్యోగం, మాది పీరియడ్ లెక్కన జీతం. ఐచ్ఛిక పేపర్లలో నాలుగో వంతు స్వయంకు వెళ్లినా ముందు తగ్గేది మా పీరియడ్లే. ఖాళీలు భర్తీ చేయవలసినవారికి ఇది చేతికందిన సాకు అవుతుంది: కోర్సు నెట్‌లో ఉంది కదా, మనిషి ఎందుకని. మీరు వీడియో ముక్క పంపి తరగతిలో లెక్కలు చేయిస్తున్నారు, సంతోషం. యాజమాన్యానికి మాత్రం ఆ వీడియో ముక్కే కనబడుతుంది, తరగతిలో లెక్కలు చేయించే మనిషి కనబడడు.

గణితం మాస్టారు

పీరియడ్‌కింత గారి భయం న్యాయమైనదే, దాన్ని తోసిపుచ్చడం నా ఉద్దేశం కాదు. కానీ నియామకాల పోరాటం నియామకాల మీదే జరగాలి. పీరియడ్లు పోతాయని విద్యార్థికి కోర్సు అందకుండా ఆపితే చివరికి పిల్లలూ మన పక్షాన ఉండరు. నా ప్రతిపాదన ఇదీ: స్వయం కోర్సు తీసుకున్న ప్రతి బృందానికీ వారానికి ఒక ట్యుటోరియల్ పీరియడ్ తప్పనిసరి చేసి, దాన్ని వర్క్‌లోడ్ కింద లెక్కించాలి. ఆ కోర్సులు మధ్యలో మానేసేవారే ఎక్కువ. పక్కన మనిషి లేకపోతే మానేస్తారు, కాబట్టి ఆ పీరియడ్ దయతో ఇచ్చేది కాదు, అవసరమైనదే.

పీరియడ్‌కింత

వర్క్‌లోడ్‌లో లెక్కిస్తామని రాతపూర్వకంగా ఇస్తే మీ ప్రతిపాదన మీద మొదటి సంతకం నాదే. హార్డ్ కాపీ కావాలి, పోర్టల్‌లో కాదు.

బ్యాక్‌లాగ్ బాబు

ఈ చర్చలో ఇప్పటికి కాగితం వైపు మాట్లాడినవారు, సూపరింటెండెంట్ గారితో కలిపి, ఇద్దరయ్యారు.

అచ్చంపేట అమ్మాయి

ప్రయోగశాలల గురించి కూడా ఎవరైనా రాయాలి. మా కాలేజీలో ఒక పరికరం చుట్టూ పన్నెండు మంది నిలబడతాం, వెనక ఉన్నవాళ్లకు ముందున్నవాళ్ల జడలే కనబడతాయి. వర్చువల్ ల్యాబ్స్ అని కేంద్ర విద్యాశాఖ పథకం ఉంది, మన హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ కూడా అందులో భాగస్వామి. ప్రయోగానికి ముందు రోజు అందులో ఒకసారి చేసి చూసుకుంటే, మరుసటి రోజు పరికరం చేతికి వచ్చిన ఆ కొద్ది నిమిషాలు వృథా కావు. అసలు ప్రయోగానికి అది బదులు కాదు. ఆమ్లం వాసన నెట్‌లో రాదు.

గ్రంథపాలకురాలు

నన్నడిగితే అన్నిటికంటే పెద్ద మార్పు వచ్చింది గ్రంథాలయంలో. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో విదేశీ పత్రికలు ఓడ టపాలో వచ్చేవి. మార్చి సంచిక దసరాకు చేరితే అదృష్టం. మధ్యలో ఒక సంచిక రాకపోతే ఏజెంటుకు రిమైండర్ల మీద రిమైండర్లు రాయాలి, ఏడాది చివర బైండింగుకు పంపేటప్పుడు ఆ లోటు అలాగే ఉండిపోయేది. బడ్జెట్ తగ్గిన ఏడాది ఏ విభాగం పత్రిక ఆపాలన్న సమావేశంలో ఆచార్యులు ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు కాదు.

2002లో విశ్వవిద్యాలయాలను కలిపే యూజీసీ-ఇన్ఫోనెట్ వచ్చింది, ఆ తరువాత గ్రంథాలయాల కోసం యూజీసీ నడిపే ఇన్‌ఫ్లిబ్‌నెట్ ద్వారా పత్రికలు విశ్వవిద్యాలయాల కంప్యూటర్లకు అందడం మొదలైంది. ఇప్పుడు ‘ఒకే దేశం, ఒకే చందా’ పథకం నడుస్తోంది. కేంద్ర మంత్రిమండలి 2024 నవంబరు 25న ఆమోదించింది, మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు, 30 మంది ప్రచురణకర్తలు, దాదాపు 13,000 పత్రికలు. 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలు దీని కిందికి వస్తాయి. గచ్చిబౌలి కేంద్రీయ విశ్వవిద్యాలయంలోని విద్యార్థి చదివే పత్రికే మారుమూల ప్రభుత్వ కళాశాల విద్యార్థికి కూడా అందుబాటులోకి వచ్చింది. నా కాలంలో ఊహకు కూడా రాని సంగతి ఇది.

ఇక్కడ కూడా మేడమ్ చెప్పిన సగం-సగం బాధ ఉంది గానీ వేరే రూపంలో. పత్రికలు ఉన్నాయి, వాడేవారు తక్కువ. లాగిన్ ఇస్తామని నోటీసు పెట్టినా రారు. నేను ఏం చేశానంటే, పీజీ విద్యార్థులు సెమినార్ పేపర్ ఇచ్చే వారంలో విభాగానికే వెళ్లి, వాళ్ల అంశం అడిగి, వాళ్ల ఫోన్‌లోనే ఆ అంశం మీద వ్యాసం వెతికి ఇస్తాను. ఒకసారి దొరికిందంటే ఇక నా అవసరం ఉండదు.

నల్లకుంట లెక్చరర్

మేడమ్, ప్రభుత్వ సంస్థలు అన్నారు కాబట్టి మాలాంటి ప్రైవేటు అనుబంధ కళాశాలలు ఆ లెక్కలోకి రావనుకుంటాను. రాష్ట్రంలో డిగ్రీ చదివేవారిలో మా వంటి కాలేజీల పిల్లలే కదా ఎక్కువమంది?

గ్రంథపాలకురాలు

రావు, మీ అనుమానం నిజమే. పథకం కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల నిర్వహణలోని సంస్థలకే. ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారు కళాశాలలకు నెట్‌లో పత్రికలు, పుస్తకాలు అందించే ఎన్-లిస్ట్ ఉంది, వార్షిక రుసుము కట్టి అందులో సభ్యత్వం తీసుకునే వీలుందేమో చూడండి. మీ ప్రిన్సిపాల్ గారిని అడిగి చూడండి. కళాశాలలకు గ్రేడు ఇచ్చే న్యాక్ బృందం వచ్చే ఏడాది అయితే ఇట్టే ఒప్పుకుంటారు.

ఎర్ర సిరా

జవాబు పత్రాలు దిద్దేవాణ్ని, నా వంతు కూడా చెప్పనివ్వండి. కొన్ని విశ్వవిద్యాలయాలు పత్రాలను స్కాన్ చేసి తెర మీద దిద్దించే పద్ధతికి మారాయి. మొదట్లో మేమంతా గొణిగాం. కళ్లు మండుతాయి, పెన్సిల్‌తో పలచగా రాసిన బొమ్మ కనపడదు, కట్ట పూర్తి చేశామన్న తృప్తి ఉండదు. కానీ ఒక మేలును ఎవరూ కాదనలేరు: కూడికలో తప్పు పోయింది. చేత్తో దిద్దే రోజుల్లో లోపలి పేజీలో ఆరు మార్కులు వేసి మొదటి పేజీ గళ్లలో ఎక్కించడం మరచిపోవడం, బిట్టు జవాబు చివరి పేజీలో ఉంటే చూడకపోవడం సర్వసాధారణం. రీకౌంటింగ్‌లో బయటపడేవన్నీ ఇవే. ఇప్పుడు ఖాళీ పేజీకి కూడా ఖాళీ అని గుర్తు పెట్టేదాకా ఆ ప్రోగ్రాం పత్రాన్ని వదలదు, మొత్తం అదే కూడుతుంది. ఒక్కో పత్రం మీద ఎంతసేపు గడిపామన్నది కూడా అందులో నమోదవుతుంది. ఈ చివరి ముక్క మా సహోద్యోగుల్లో కొందరికి బొత్తిగా నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో బాబుకు వేరే చెప్పక్కర్లేదు.

బ్యాక్‌లాగ్ బాబు

ఎర్ర సిరా సార్, నా గణితం పేపర్ల మీద ఎంతసేపు గడిపారో ఆ నమోదు చూసి చెప్పగలరా?

గణితం మాస్టారు

బాబూ, దాని మీద నువ్వు ఎంతసేపు గడిపావో ముందు చెప్పు.

మాజీ సూపరింటెండెంట్

ఎర్ర సిరా గారు చెప్పినదానికి ఒకటి జతచేస్తాను. ప్రశ్నపత్రాలను కూడా ఇప్పుడు కొన్నిచోట్ల పరీక్షకు కాస్త ముందుగా నెట్ ద్వారా పంపి, కేంద్రంలోనే ముద్రిస్తున్నారు. మా కాలంలో ఇనుప పెట్టెలు, పోలీసు స్టేషన్‌లో భద్రత, తెల్లవారుజామున జీపు. ప్రయాణంలో లీకయ్యే భయం తగ్గిన మాట నిజం. దానికి బదులు కరెంటు పోతే, ప్రింటర్‌లో సిరా అయిపోతే పరీక్ష ఆలస్యమవుతుందన్న కొత్త భయం వచ్చింది. నేనైతే రెండో భయమే మేలంటాను. జనరేటర్ ముందే పెట్టుకోవచ్చు, లీకైన పేపర్‌ను వెనక్కి తీసుకోలేం.

పరిశోధక విద్యార్థిని

తెలుగు శాఖలో పీహెచ్‌డీ చేస్తున్నాను. 2009 యూజీసీ నిబంధనల తరువాత సిద్ధాంత గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతి ఇవ్వడం తప్పనిసరైంది, వాటిని నెట్‌లో ఉంచే శోధగంగలో ఇప్పుడు లక్షల్లో ఉన్నాయి. నా అంశం జానపద గాథల మీద. పూర్వం ఇదే అంశం మీద ఎవరు ఏం రాశారో తెలుసుకోవాలంటే తిరుపతి, విశాఖ, మదురై వెళ్లి, పరిచయ ఉత్తరం చూపించి, అక్కడే కూర్చుని నోట్సు రాసుకోవాలి. మా పర్యవేక్షకులు అలాగే చేశారట. నేను హాస్టల్ గదిలో చదువుకుంటున్నాను. ఉస్మానియా విశ్వవిద్యాలయ గ్రంథాలయంలోని పాత తెలుగు పుస్తకాలు స్కాన్ చేసి నెట్‌లో పెట్టడం వల్ల, ముట్టుకుంటే పొడి అయ్యే పుస్తకం కూడా అందింది.

ఇక ఇబ్బంది. తెలుగు సిద్ధాంత గ్రంథాలు చాలావరకు డీటీపీ సెంటర్లలో పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో, అను అనే పాతరకం తెలుగు ఫాంట్లలో తయారైనవి. కంటికి తెలుగే, కంప్యూటర్‌కు మాత్రం అర్థం లేని రోమన్ అక్షరాల గుంపు. పీడీఎఫ్‌లో ‘బుర్రకథ’ అని వెతికితే ఏమీ రాదు. ఒక పేరా ఎత్తి నోట్సులో పెట్టుకుంటే ఆశ్చర్యార్థకాలూ డాలర్ గుర్తులూ వస్తాయి. గ్రంథచౌర్యం పట్టే సాఫ్ట్‌వేర్‌కు కూడా అంతే, దానికి ఆ గ్రంథమంతా కొత్తదిగానే కనబడుతుంది. ఇంగ్లీషులో రాసేవారు ఒక్క మాట వెతికి పది గ్రంథాలు తీస్తుంటే, మేం విషయసూచిక చూసి పేజీలు తిప్పుతున్నాం. ఇంటర్నెట్ మేలు అన్ని శాఖలకూ ఒకే తీరుగా అందలేదని చెప్పడానికే ఇంత రాశాను.

గ్రంథపాలకురాలు

అమ్మాయ్, ఇది శాఖ తలచుకుంటే తీరే సమస్య. సమర్పణ నిబంధనల్లో యూనికోడ్, అంటే ఏ కంప్యూటరైనా తెలుగుగా గుర్తించే పద్ధతి, అని ఒక్క మాట చేర్చితే ఇకపై వచ్చేవి సరిగా ఉంటాయి. సూపరింటెండెంట్ గారు చెప్పిన పాలకమండలి దాకా కూడా వెళ్లనక్కర్లేదు, పరిశోధన సంఘం తీర్మానం సరిపోవచ్చు.

మాజీ సూపరింటెండెంట్

సరిపోతుంది. తీర్మానం ముసాయిదా కావాలంటే నేను రాసి ఇస్తాను, ఆ భాష నేనింకా మరచిపోలేదు.

కేబుల్ బాబాయి

ఇకపై వచ్చేవాటి సంగతి సరే, పాతవాటి మాట చూద్దాం. స్కాన్ చేసిన పీడీఎఫ్ అయితే అక్షరాలు గుర్తించే సాఫ్ట్‌వేర్‌కు ఇవ్వాలి, ఒత్తుల దగ్గర తప్పులు వస్తాయి, కూర్చుని దిద్దుకోవాలి. అసలు పేజ్‌మేకర్ ఫైలే దొరికితే యూనికోడ్‌లోకి మార్చడం చాలా తేలిక. మీ శాఖలో ఇటీవల డిగ్రీ అందుకున్నవారి దగ్గరో, డీటీపీ సెంటర్ల పాత కంప్యూటర్లలోనో ఆ ఫైళ్లు ఉంటాయి. ఎవరైనా అడిగారా?

పరిశోధక విద్యార్థిని

మా సీనియర్లు కొందరు సీడీలు ఇచ్చారు. విద్యానగర్‌లో ఒక డీటీపీ సెంటర్ ఆయన కూడా తన దగ్గరున్నవి ఇస్తానన్నారు, రాసినవారి అనుమతి తెస్తే చాలన్నారు. మా ల్యాప్‌టాప్‌లకు సీడీ పెట్టే చోటు లేదు.

కేబుల్ బాబాయి

మా సర్వర్ గదిలో డ్రైవ్ ఉంది, తీసుకురండి. ఫైళ్లు అను 6లో చేసినవా, 7లో చేసినవా ఆ డీటీపీ ఆయనను కనుక్కుని రండి, రెండింటికీ అక్షరాల పట్టిక వేరు. అనుమతులు మాత్రం ఈమెయిల్‌లో తీసుకోండి.